చిన్న కాన్ఫరెన్స్ జట్లకి పెద్ద బౌల్స్‌లో సీటు ఇవ్వాలా, వద్దా?

డెంటన్_డేస్

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూసే తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు కానీ, మా ఆఫీసులో ఒక గొడవ ఎంతకీ తెగట్లేదు, మీ ముందు పెడుతున్నా.

నేను ఎమ్మెస్ చేసింది డెంటన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్. అక్కడ మనవాళ్ళు ఎంతమంది చదివారో డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అయితే మా బ్యాచ్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు చాలా తక్కువ, వీకెండ్ వస్తే పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్టే. అలాంటి మా కాలేజీ 2025లో ఒక్క మ్యాచ్ తప్ప లీగ్ మొత్తం గెలిచి అమెరికన్ అనే చిన్న కాన్ఫరెన్స్ (కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) ఫైనల్ దాకా వెళ్ళింది. డిసెంబర్ 5, న్యూ ఆర్లియన్స్, అవతల టులేన్. గెలిచుంటే దేశ ఛాంపియన్ ఎవరో తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో మేమే ఉండేవాళ్ళం. 34-21తో పోయింది, ఆ బాధ సంగతి వదిలేయండి.

అసలు గొడవ ఆ తర్వాతది. పెద్ద కాన్ఫరెన్సులు నాలుగు కదా, ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ. 2025లో ఉన్న రూల్ ఏంటంటే, ప్లేఆఫ్ జట్లని ఎంచే కమిటీ ర్యాంకింగ్స్‌లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి ప్లేఆఫ్ సీటు ఖాయం. మామూలుగా అయితే పెద్దవాళ్ళు నలుగురు, చిన్నవాళ్ళలో ఒకరు. కానీ ఏసీసీ ఫైనల్లో, అప్పటికే ఐదు మ్యాచులు ఓడిన డ్యూక్ పోయి వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో కొట్టేసింది. కమిటీ లిస్టులో డ్యూక్ పేరే లేదు. దాంతో టులేన్‌తో పాటు సన్ బెల్ట్ అనే ఇంకో చిన్న కాన్ఫరెన్స్ ఛాంపియన్ జేమ్స్ మాడిసన్‌కి కూడా తలుపు తెరుచుకుంది. 10-2తో (పది గెలుపులు, రెండు ఓటములు) ఉన్న నోటర్‌డేమ్ బయట (అలిగి, సీజన్ అయ్యాక ఆడే వేరే ఏ బౌల్ మ్యాచ్‌కీ రామన్నారు), 9-3తో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ కూడా బయట. తీరా డిసెంబర్ 20న ఏమైంది? ఓల్ మిస్ చేతిలో టులేన్ 41-10, ఆరెగన్ చేతిలో జేమ్స్ మాడిసన్ 51-34.

మా టీమ్‌లో ఇద్దరు టెక్సస్ గ్రాడ్యుయేట్లు. సోమవారం స్టాండప్ కాల్ పావుగంటది కాస్తా ముప్పావుగంట అయింది. "మీలాంటివాళ్ళ కోసం మా సీటు తీసి ఇచ్చారు, చూశావుగా ఏం పీకారో" అని ఒకటే నస. నాకు ఒళ్ళు మండింది గానీ, గట్టిగా మాట్లాడదామంటే ఆ స్కోర్లు చూసి నోరు రాలేదు.

అందుకే అడుగుతున్నా. సీజన్ అంతా గెలిచిన చిన్న కాన్ఫరెన్స్ ఛాంపియన్‌కి పెద్ద వేదిక మీద ఒక సీటు రిజర్వ్ చేసి పెట్టడం న్యాయమేనా, లేక అది జాలిపడి ఇచ్చే సీటా? మొహమాటం లేకుండా చెప్పండి.

టస్కలూసా_మామ

తమ్ముడూ, మొహమాటం వద్దన్నావు కాబట్టి సూటిగా చెప్తా, అది జాలి సీటే.

నేను అలబామాలో ఉంటా, కాబట్టి నన్ను ఎస్‌ఈసీ మనిషి అనుకో, పర్లేదు. ఫుట్‌బాల్‌లో మొదటి క్వార్టర్ ఎవరైనా బాగానే ఆడతారు. మూడో క్వార్టర్ దాటి, ముందు వరసలో తోసుకునే లైన్‌మన్‌లకి రొప్పు మొదలయ్యాక, బెంచి మీద నుంచి దిగే రెండో వరస కుర్రాడు కూడా మూడొందల పౌండ్లవాడై, హైస్కూల్లో రాష్ట్రమంతా పేరు మోసినవాడై ఉంటాడు చూడు, తేడా అక్కడ తెలుస్తుంది. చిన్న కాన్ఫరెన్స్ జట్టుకి మొదటి పదకొండు మంది దొరుకుతారు. ఆ వెనక పదకొండు మంది దొరకరు. జేమ్స్ మాడిసన్ మ్యాచ్ స్కోరు చూస్తే ఏదో గట్టిగా పోరాడినట్టు ఉంటుంది, చూసినవాళ్ళని అడుగు, ఆట సగానికే అయిపోయింది.

టులేన్ సంగతి ఇంకా విడ్డూరం. అదే ఓల్ మిస్‌తో సెప్టెంబర్‌లో ఆడి 45-10తో ఓడారు. మళ్ళీ డిసెంబర్‌లో అదే ఊరికి తీసుకెళ్ళి అదే సినిమా చూపించారు. దీనికోసం నోటర్‌డేమ్‌ని ఇంట్లో కూర్చోబెట్టాలా? ఇదేం కొత్త కూడా కాదు. 2008లో షుగర్ బౌల్‌కి హవాయిని పిలిచారు, ఒక్క మ్యాచ్ ఓడకుండా వచ్చారు, జార్జియా 41-10తో పంపించింది. 2024 జనవరి 1న లిబర్టీ కూడా 13-0తోనే వచ్చింది, ఫియెస్టా బౌల్‌లో ఆరెగన్ 45-6. సీజన్ మొత్తం ఎవరి మీద గెలిచారన్నది చూడకుండా, గెలుపుల లెక్క ఒక్కటే చూసి సీటిస్తే ఇలాగే ఉంటుంది.

నన్నడిగితే చిన్న కాన్ఫరెన్సులన్నీ కలిసి వేరే ప్లేఆఫ్ పెట్టుకోవాలి. వాళ్ళలో వాళ్ళకి మంచి పోటీ, వాళ్ళకో కప్పు, ఊళ్ళో ఊరేగింపు. ఎవరికీ పరువు పోదు.

ఆర్లాండో_ఎండలు

మామా, హవాయి గుర్తుంది, లిబర్టీ గుర్తుంది. మరి 2009 జనవరి షుగర్ బౌల్ ఎలా మర్చిపోయావు? యూటా అప్పటికి మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కాన్ఫరెన్స్‌లో ఉంది, అవతల మీ అలబామా. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0, చివరికి 31-17. యూటా 13-0తో సీజన్ ముగించింది, దేశంలో ఇంకెవరికీ ఓటమి లేని రికార్డు లేదు, అయినా ట్రోఫీ వేరేవాళ్ళకి. ఆ ఏడాది యూటా సెనేటర్ ఆరిన్ హ్యాచ్ ఈ బీసీఎస్ పద్ధతి (ప్లేఆఫ్ రాకముందు ర్యాంకులు చూసి ఫైనల్‌కి రెండు జట్లని ఎంచిన పద్ధతి) మీద సెనేట్‌లో విచారణ దాకా తీసుకెళ్ళాడు. ఆ రోజు మీవాళ్ళు చెప్పిన సాకు ఏంటో గుర్తుందా? "మావాళ్ళకి ఆ మ్యాచ్ మీద మనసు లేదు" అని. చిన్నవాడు ఓడితే స్థాయి లేదు, పెద్దవాడు ఓడితే మూడ్ లేదు, భలే ఉంది.

ఇప్పుడు నా కథ. నేను యూసీఎఫ్‌లో చదివా. 2015లో మా జట్టు 0-12. పన్నెండు ఆడితే పన్నెండూ పోయాయి, మెస్‌లో కూర్చుని వాళ్ళ గురించి జోకులేసుకునేవాళ్ళం. రెండేళ్ళు తిరిగేసరికి, 2017లో, అదే జట్టు 12-0. కమిటీ ఇచ్చిన ర్యాంకు ఎంత? పన్నెండు! మూడు మ్యాచులు ఓడిన ఆబర్న్ మాకంటే పైన, ఏడో ర్యాంకులో. సరే, అప్పట్లో చిన్న కాన్ఫరెన్సుల్లో బెస్ట్ జట్టుకి న్యూ ఇయర్ బౌల్స్‌లో ఒక సీటు ఖాయం అనే రూల్ ఉంది కాబట్టి 2018 జనవరి 1న అట్లాంటాలో పీచ్ బౌల్ దొరికింది, అదే ఆబర్న్‌తో. ఆ ఆబర్న్ ఎవరు? అదే సీజన్లో జార్జియాని 40-17, అలబామాని 26-14 కొట్టిన జట్టు. ఆ జార్జియా, ఆ అలబామానే వారం తర్వాత నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాయి. మేం ఆబర్న్‌ని 34-27 కొట్టాం. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయిన షకీమ్ గ్రిఫిన్ అని డిఫెన్స్‌లో ఒక లైన్‌బ్యాకర్ ఉన్నాడు, ఆ రోజు పన్నెండు టాకిల్స్ చేశాడు (అంటే బాల్ ఉన్నవాడిని పడేయడం), పాసులు వేసే ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్‌ని వెంటపడి వెంటపడి పడేశాడు.

ఆ తర్వాత మా యూనివర్సిటీ మేమే నేషనల్ ఛాంపియన్లమని ప్రకటించుకుని డిస్నీ వరల్డ్‌లో పరేడ్ పెట్టుకుంది. దేశమంతా నవ్వింది. నవ్వుకోనీ. కానీ ఆ రిజర్వుడ్ సీటు లేకపోతే ఆబర్న్‌తో మ్యాచే ఉండేది కాదు, పన్నెండో ర్యాంకు జట్టు, చిన్న జట్టు, పాపం అనేసి ఊరుకునేవాళ్ళు. నేననేది అదే. సీటిచ్చి ఆడనిస్తే కదా ఎవరి స్థాయి ఏంటో తేలేది.

స్కోర్ల సంగతికొస్తే, 2026 రోజ్ బౌల్‌లో ఇండియానా చేతిలో 38-3తో ఓడింది మీ అలబామాయే కదా మామా? వచ్చే ఏడాది నుంచి వాళ్ళకి సీటివ్వొద్దని ఎవరైనా అన్నారా?

నిన్నే_దిగా

అన్నలూ, నేను ఈ ఫాల్‌లోనే వచ్చా, బఫెలోలో ఎమ్మెస్. మా కాలేజీ కూడా ఏదో మిడ్ అమెరికన్ అనే చిన్న కాన్ఫరెన్స్ అంట. బౌల్ అంటే ఏంటో, ప్లేఆఫ్ అంటే ఏంటో సగం సగం అర్థమవుతోంది. ఆడే మ్యాచ్ ఒకటే కదా, దానికింత కొట్టుకోవడం దేనికి? డబ్బులేమైనా ఉన్నాయా? ఇంకోటి, దీని మీద ఇంట్రెస్ట్ రావాలంటే యూట్యూబ్‌లో ఒక్క మ్యాచ్ చూడమంటే ఏది చూడాలి?

నీలి_గడ్డి

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి నేను చెప్తా. 2007 ఫియెస్టా బౌల్, బోయిసీ స్టేట్ వర్సెస్ ఓక్లహోమా. ఇంకేదీ వద్దు.

నేను చిప్పుల కంపెనీ ఉద్యోగానికని బోయిసీ వచ్చినప్పుడు ఐడహో ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నా. ఇక్కడ స్టేడియంలో గడ్డి పచ్చగా ఉండదు, నీలంగా ఉంటుంది, 1986 నుంచీ అంతే. ఒకప్పుడు ఇది రెండేళ్ళ జూనియర్ కాలేజీ. ఫుట్‌బాల్‌లో పై డివిజన్‌లోకి వచ్చిందే 1996లో. అలాంటిది పదేళ్ళకి ఓక్లహోమా ముందు నిలబడింది.

మ్యాచ్ ఎలా ఉంటుందంటే, బోయిసీ 28-10తో ముందుంటుంది, ఓక్లహోమా సమం చేస్తుంది, ఆఖరి నిమిషంలో బోయిసీ క్వార్టర్‌బ్యాక్ జబ్రాన్‌స్కీ వేసిన పాస్ అవతలివాళ్ళు పట్టుకుని చివరి గీత దాకా తీసుకెళ్ళి టచ్‌డౌన్ చేసేస్తారు, 35-28. అయిపోయింది అనుకుంటాం. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా పద్దెనిమిది గజాలు కావాలి, గడియారంలో సెకన్లే మిగిలాయి. ఒకడు పాస్ పట్టుకుని మధ్యలోకి పరిగెడతాడు, ఓక్లహోమా వాళ్ళంతా వాడి మీదకి వస్తారు, వాడు ఎదురుగా వస్తున్న తన జట్టువాడి చేతిలో బాల్ పెట్టేస్తాడు, ఆ రెండోవాడు గీత పక్క నుంచి ఒంటరిగా టచ్‌డౌన్‌కి. ఏడు సెకన్లు మిగిలాయి. ఓవర్‌టైమ్‌లో ఏడ్రియన్ పీటర్సన్ మొదటి ఆటకే పాతిక గజాలు దూసుకుపోయి స్కోర్ చేస్తాడు. బోయిసీ కూడా టచ్‌డౌన్ చేసి, సమం చేసే ఒక్క పాయింట్ వద్దని రెండు పాయింట్లకి వెళ్తుంది. జబ్రాన్‌స్కీ కుడిచేత్తో పాస్ వేస్తున్నట్టు నటిస్తాడు, ఆ చేతిలో ఏమీ ఉండదు, ఎడమచేత్తో వీపు వెనక నుంచి ఇయాన్ జాన్సన్‌కి బాల్ అందిస్తాడు. 43-42. ఆ జాన్సన్ అక్కడే టీవీ కెమెరాల ముందు మోకాలి మీద కూర్చుని చీర్‌లీడర్ అయిన తన గర్ల్‌ఫ్రెండ్‌ని పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. రైటర్ రాసిస్తే ఓవర్ యాక్షన్ అంటాం.

ఇది ఒకవైపు. రెండోవైపు కూడా విను. 2010లో మాది నాలుగో ర్యాంకు. నవంబర్‌లో నెవాడా వెళ్ళాం, అవతల క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్‌నిక్. సగానికి 24-7తో మాదే పైచేయి. చివర్లో సమం అయ్యాక మా కిక్కర్ 26 గజాల కిక్ ఒకటి, ఓవర్‌టైమ్‌లో 29 గజాలది ఇంకొకటి మిస్ చేశాడు. అంతే, పెద్ద బౌల్ ఆశలన్నీ పోయి లాస్ వేగస్ బౌల్‌లో తేలాం. ఒక్క ఓటమికి అంత శిక్ష. పెద్ద కాన్ఫరెన్స్ జట్టు రెండు ఓడినా "నాణ్యమైన ఓటములు" అని సర్దుకుంటారు, మాకు మాత్రం ఏడాదంతా సున్నా తప్పుల పరీక్ష. రిజర్వుడ్ సీటు అంటే నాకు జాలిలా కనిపించదు మామగారూ, ఆ సీటు కోసం మేం ఆడే ప్రతి శనివారం నాకౌట్ మ్యాచే.

ఒహాయో_కోడలు

కొత్త తమ్ముడి డబ్బు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదేం? అసలు విషయమే అది.

బౌల్ అంటే సీజన్ అయ్యాక డిసెంబర్, జనవరిల్లో వేరే ఊళ్ళో ఆడే ఆఖరి మ్యాచ్. చిన్నాచితకా బౌల్స్ చాలా ఉన్నాయి, రోజ్, షుగర్, ఆరెంజ్, కాటన్, ఫియెస్టా, పీచ్ ఈ ఆరూ పెద్దవి, ఇప్పుడు ప్లేఆఫ్‌లో క్వార్టర్స్, సెమీస్ జరిగేది వీటిలోనే. పన్నెండు జట్ల ప్లేఆఫ్ 2024లో మొదలైనప్పుడు, ఒక జట్టు లోపలికి వస్తే దాని కాన్ఫరెన్స్‌కి 40 లక్షల డాలర్లు, క్వార్టర్స్‌కి వెళ్తే ఇంకో 40 లక్షలు. ఆ ఏడాది బోయిసీ స్టేట్ మూడో సీడ్‌తో నేరుగా క్వార్టర్స్‌కి వెళ్ళింది కాబట్టి మౌంటెన్ వెస్ట్‌కి 80 లక్షలు వచ్చాయి, మ్యాచ్ పెన్ స్టేట్ చేతిలో 31-14తో పోయినా సరే. ఎస్‌ఈసీకి అది చిల్లర. చిన్న కాన్ఫరెన్స్‌కి అది కోచ్‌ల జీతాలు, జిమ్, ప్రయాణాలు, ఇంకా ఆడపిల్లల సాకర్, వాలీబాల్ జట్ల ఖర్చు కూడా. మొత్తంగా 2026 నుంచి ప్లేఆఫ్ టీవీ హక్కులకి ఈఎస్‌పీఎన్ ఏడాదికి 130 కోట్ల డాలర్లు ఇస్తోంది, అందులో సగానికి పైగా బిగ్ టెన్, ఎస్‌ఈసీలకే. మిగిలింది చిన్నవాళ్ళ దాకా వచ్చేసరికి పెళ్ళిలో ఆఖరి బంతి భోజనమే, విస్తరి వేస్తారు కానీ కూరలు అడుగంటి ఉంటాయి.

నాది సిన్సినాటి. నాలుగు జట్ల ప్లేఆఫ్ ఉన్న పదేళ్ళలో చిన్న కాన్ఫరెన్స్ నుంచి లోపలికి వెళ్ళింది మేమొక్కళ్ళమే, 2021లో. అది కూడా ఊరికే ఇవ్వలేదు, వాళ్ళ ఊరు సౌత్ బెండ్ వెళ్ళి నోటర్‌డేమ్‌ని 24-13 ఓడించి, అంతకుముందు ఏడాది పీచ్ బౌల్‌లో జార్జియాని చివరి నిమిషం దాకా వణికించి 24-21తో ఓడాక, అప్పుడు నమ్మారు. సెమీస్‌లో అలబామా 27-6తో కొట్టింది, నిజమే. కానీ టస్కలూసా అన్నయ్య గారూ, తర్వాతి ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ సిన్సినాటి జట్టు నుంచి తొమ్మిది మంది వెళ్ళారు, సాస్ గార్డ్‌నర్ నాలుగో పిక్. మీరు దొరకరన్న ఆటగాళ్ళు దొరికారు మరి.

అయితే ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2023లో సిన్సినాటి, యూసీఎఫ్, హ్యూస్టన్, బీవైయూ నాలుగింటినీ బిగ్ 12 లాగేసుకుంది. అంతకుముందు యూటాని పాక్-12, టీసీయూని బిగ్ 12. పైకొచ్చిన ప్రతి జట్టునీ పెద్దవాళ్ళు తీసుకుపోయి, వెనక్కి తిరిగి "చిన్న కాన్ఫరెన్సుల్లో సరైన జట్టు ఎక్కడుంది" అంటే ఏం చెప్పాలి? అందుకే పాత బోయిసీ మ్యాచులు, యూటా మ్యాచులు చూపించి ఈ రోజు సీటు అడగడం నాకు అంత నచ్చదు ఆర్లాండో బ్రదర్. ఆ రోజుల్లో కుర్రాడు చిన్న కాలేజీలో నాలుగేళ్ళు ఉండేవాడు. ఇప్పుడు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, ఒక్క సీజన్ బాగా ఆడితే పై నుంచి డబ్బుతో ఫోన్లు వస్తాయి. సీటు ఉండాల్సిందే, కానీ ఆ సీటులో కూర్చునే జట్టు ప్రతి ఏడాదీ కొత్తగా కట్టుకోవాలి.

డెంటన్_డేస్

అక్కా, సరిగ్గా పుండు మీదే పెట్టారు కారం. మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ మెస్టెమేకర్ అని, హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా స్టార్టర్ కూడా కాదు, స్కాలర్‌షిప్ లేకుండా మా దగ్గర చేరాడు. 2025 సీజన్ అయ్యేసరికి దేశంలోనే ఎక్కువ పాసింగ్ గజాలు వాడివే. మా కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి, వెనకాలే వాడు కూడా అక్కడికే. అంతకంటే వింత ఏంటంటే, ఆ డిసెంబర్‌లో ప్లేఆఫ్ ఆడిన రెండు చిన్న జట్ల కోచ్‌లూ అప్పటికే వేరే చోట సంతకాలు పెట్టేశారు. టులేన్ కోచ్ జాన్ సమ్రాల్ ఫ్లోరిడాకి, జేమ్స్ మాడిసన్ కోచ్ బాబ్ చెస్నీ యూసీఎల్ఏకి. నోటీస్ పీరియడ్‌లో ఉండి ఆడించారు పాపం, దానికి వాళ్ళని మెచ్చుకోవాలి కూడా.

మామా, వేరే ప్లేఆఫ్ అన్నారు కదా. 2024 జూన్‌లో మా ఇంటికి దగ్గర్లో గ్రాండ్ ప్రెయిరీలో టీ20 వరల్డ్ కప్ జరిగింది. అమెరికా ఆ టోర్నీలో ఉన్నదే ఆతిథ్య దేశం కోటాలో. పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో కొట్టింది. ముందే "మీరు మీ స్థాయి వాళ్ళతో ఆడుకోండి" అని పంపించేసి ఉంటే?

ఉప్పల్_గ్యాలరీ

క్రికెట్ తెచ్చారు కాబట్టి నేనూ ఒక మాట. హైదరాబాద్ నుంచి చదువుతున్నా, ఈ అమెరికన్ ఫుట్‌బాల్ నాకు రీల్స్‌లో తప్ప తెలీదు. కానీ ఈ గొడవ బాగా తెలుసు, రంజీలో చూశాం కాబట్టి.

2022-23లో మా హైదరాబాద్ గ్రూపులో అట్టడుగున మిగిలి, పై స్థాయి ఎలీట్ నుంచి కింది స్థాయి ప్లేట్ గ్రూపుకి పడిపోయింది. లక్ష్మణ్, అజహర్ ఆడిన జట్టు. మరుసటి ఏడాది ప్లేట్‌లో అందర్నీ చితక్కొట్టారు. అరుణాచల్ మీద తన్మయ్ అగర్వాల్ 181 బంతుల్లో 366 కొట్టాడు, ట్రిపుల్ సెంచరీకి పట్టింది 147 బంతులే. అప్పుడు ఇక్కడ జరిగిన చర్చ కూడా అచ్చం మీదే, "అరుణాచల్ బౌలింగ్ మీద కొట్టినదానికి లెక్కేంటి" అని. లెక్కుందో లేదో తేలాలంటే దారి ఒకటే, ప్లేట్ గెలిచినవాళ్ళు తర్వాతి ఏడాది ఎలీట్‌లో ఆడాలి. హైదరాబాద్ ప్లేట్ గెలిచింది, ఎలీట్‌కి వచ్చింది, గొడవ లేదు. కమిటీ లేదు, ఓటింగ్ లేదు, టీవీలో కూర్చుని ఎవరు గొప్పో వాదించే ఎక్స్‌పర్ట్‌లు లేరు.

మీ దగ్గర ఒక్క బౌల్ మ్యాచ్ సీటు గురించి కొట్టుకుంటున్నారు కానీ, అసలు పైకి వెళ్ళే మెట్లే లేవు కదా. కింద గెలిచినవాడు పైకి, పైన ఓడినవాడు కిందకి. ఆ రూల్ ఎందుకు పెట్టరు?

టస్కలూసా_మామ

పెట్టరు తమ్ముడూ. బీసీసీఐకి అన్ని రాష్ట్రాల జట్లూ ఒక్క గొడుగు కిందే. ఇక్కడ ప్రతి కాన్ఫరెన్స్ ఒక విడి కంపెనీ లాంటిది, టీవీతో కాంట్రాక్టు వాళ్ళు వాళ్ళే రాసుకుంటారు. బిగ్ టెన్‌లో అట్టడుగున ఉన్న కాలేజీ సంతకం లేకుండా దాన్ని కిందకి పంపడం కుదరదు, సంతకం ఎవడు పెడతాడు? మా ఎస్‌ఈసీలోనే ఉన్న వాండర్‌బిల్ట్‌ని కిందకి దింపేయండని ఎన్నేళ్ళు జోకులేశామో లెక్కలేదు...

ఆర్లాండో_ఎండలు

...2024లో ఆ వాండర్‌బిల్టే మిమ్మల్ని 40-35తో కొట్టింది, ఆ ముక్క కూడా పూర్తి చేయండి మామా.

టస్కలూసా_మామ

చేస్తా చేస్తా, ఊరంతా చేసింది, నువ్వు మిగిలావు.

సరే, ఒక మెట్టు దిగుతా. సిన్సినాటి చెల్లెమ్మ చెప్పిన నోటర్‌డేమ్ మ్యాచ్ లాంటిది చేసి చూపించండి, నేనే సీటిస్తా. పెద్ద జట్టు గడప తొక్కి గెలిచినవాడికి అడ్డం చెప్పను. ఏడాదంతా మీలో మీరు ఆడుకుని వచ్చి సీటడిగితేనే నాకు మండేది.

నీలి_గడ్డి

గడప తొక్కనిచ్చేది ఎవరు మామగారూ? అక్కడే ఉంది చిక్కంతా. పెద్ద జట్టు చిన్న జట్టుని పిలిచేది వాళ్ళింటికే, చెక్కు రాసిచ్చి మరీ, ఓడిపోయి వెళ్ళమని. 2024లో నోటర్‌డేమ్ అలాగే నార్తర్న్ ఇల్లినాయిని 14 లక్షల డాలర్లిచ్చి పిలిచింది, వాళ్ళు వచ్చి 16-14తో గెలిచి చెక్కు కూడా పట్టుకుపోయారు. అయినా నోటర్‌డేమ్ ఆ ఏడాది నేషనల్ ఫైనల్ ఆడింది. నార్తర్న్ ఇల్లినాయి ప్లేఆఫ్ దాకా వెళ్ళలేదు, లీగ్‌లో తర్వాత ఓడారు, అది వాళ్ళ తప్పే అనుకోండి. కానీ ఇలాంటివి ఒకటి రెండు జరిగాక, కాస్త బలంగా ఉన్న చిన్న జట్టుని పెద్దవాళ్ళు పిలవరు. బలహీనంగా ఉన్నవాడినే వెతికి పిలుస్తారు. మా బోయిసీకి రమ్మంటే ఎస్‌ఈసీ వాళ్ళు ఈ నీలం గడ్డి మీద కాలు పెడతారా? మీరు పిలవరు, మేం పిలిస్తే రారు, ఆ తర్వాత "ఎవరితో ఆడావు?" అని అడుగుతారు.

డెంటన్_డేస్

రేపు మా టెక్సస్ వాళ్ళకి ఈ ఆఖరి ముక్క యథాతథంగా చెప్తా. ఇంకో సంగతి, 2026 నుంచి రూల్ మారింది. నాలుగు పెద్ద కాన్ఫరెన్సుల ఛాంపియన్లకి ర్యాంకుతో సంబంధం లేకుండా సీటు ఖాయం, మిగతా చిన్నవాళ్ళందరికీ కలిపి ఒక్క సీటు. అంటే డ్యూక్ లాంటి జట్టు ఐదు ఓడి వచ్చినా లోపలే. రిజర్వేషన్ అంటే మనల్ని తిడతారు గానీ, ఇప్పుడు పెద్దవాళ్ళకే నాలుగు రిజర్వుడ్ సీట్లు.

టస్కలూసా_మామ

ఆ రూల్ నాకూ నచ్చలేదు. ఛాంపియన్ పేరుతో ఎవరికీ ఖాయం చేయకూడదు. చిన్నవాళ్ళ ఆ ఒక్క సీటుకి కూడా షరతు ఉండాలి, కమిటీ ర్యాంకు కనీసం 20 లోపు ఉంటేనే రావాలి. అప్పుడు టులేన్ సరిగ్గా 20తో లోపలికి వచ్చేది, 24వ ర్యాంకు జేమ్స్ మాడిసన్ ఆగిపోయేది. అందరికీ ఒకే కొలత, ఇంకేం గొడవ?

ఆర్లాండో_ఎండలు

ఆ ర్యాంకు ఇచ్చేది ఎవరు మామా? 2017లో ఒక్క మ్యాచ్ ఓడని మాకు పన్నెండు ఇచ్చిన కమిటీయే కదా. రేపు మీ షరతు పెట్టాక చిన్న జట్లన్నిటికీ 21 నుంచి మొదలుపెడతారు, రాసిపెట్టుకోండి.